దేవకుమారి ఉంగరపు వేలు

ప్రతిరోజూ పొద్దున ఆరుంపావుకి మా తలుపు మీద రెండు చిన్న దెబ్బలు పడేవి. పక్క అపార్టుమెంటులోంచి నా తోటికోడలు దేవకుమారి ఆఫీసు బట్టలతో, ఇంకా ఆరని జుట్టుతో వచ్చేది. ఇద్దరం నిలబడే టీ తాగేవాళ్ళం. తాగాక తన కప్పూ నా కప్పూ తనే కడిగేది, అదీ చన్నీళ్ళ కింద. జనవరిలో ఈ అమెరికాలో, మా ప్లెయిన్స్‌బరోలో పంపు నీళ్ళు ఎలా ఉంటాయో ఇక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు. "వేడి పంపు తిప్పుకో దేవీ" అంటే వినేది కాదు. వేళ్ళు ఎర్రబడేదాకా నీళ్ళ కింద పెట్టి, "చూశారా అక్కా, ఏం కాలేదు" అని నవ్వేది. ఐదేళ్ళూ అదే మాట, అదే నవ్వు.

ఇప్పుడు ఆ చప్పుడు లేదు. ఒక్క కప్పు టీ పెట్టుకుని కూర్చుని తాగుతున్నాను. కప్పు వేడి నీళ్ళతో కడుగుతున్నాను. చన్నీళ్ళ పంపు మీద చెయ్యి వెయ్యాలంటే సిగ్గేస్తోంది.

దేవకుమారి పోయిన అక్టోబరులో ఆఫీసులో పడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. రెండు రోజులు కూడా ఉండలేదు. ముప్పై ఆరేళ్ళు. సమాధి చేసిన రోజు మా తెలుగు సంఘంలో ఆనవాయితీ ప్రకారం ఆమె జీవిత చరిత్ర చదివారు. ఎప్పుడు పుట్టింది, ఎక్కడ బాప్తిస్మం తీసుకుంది, ఎప్పుడు పెళ్ళయింది, ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ అందులో ఒక వాక్యం అబద్ధం. ఆ అబద్ధం పుట్టింది నా నోట్లోంచి. నేను ఆరో తరగతి దాకా చదివినదాన్ని, నలుగురిలో మాట్లాడడం చేతకానిదాన్ని. అయినా దేవకుమారి గురించి సరిగ్గా చెప్పాల్సిన బాధ్యత నాదే కాబట్టి రాస్తున్నాను.

మా ఆయన సత్యానందం గారు, ఆయన తమ్ముడు జయరాజు ఇద్దరూ ఇక్కడ మందుల కంపెనీల్లో పని. జయరాజు బాపట్ల వెళ్ళి పెళ్ళి చేసుకుని, డెబ్బై ఏడులో దేవకుమారిని తీసుకొచ్చాడు. వాళ్ళ నాన్న మిషను స్కూలు హెడ్మాస్టరు. తను టైపులో హయ్యరు పాసైంది. వచ్చిన ఆరు నెలలకే ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం తెచ్చుకుంది. మొదట్లో మేం నలుగురం, మా అమ్మాయి రేణు, అందరం ఒకే అపార్టుమెంటులో ఉండేవాళ్ళం. వంట నాది, గిన్నెలు తనవి అనుకున్నాం.

మొదటి చలికాలంలోనే దేవకుమారి గిన్నెలు వదిలెయ్యడం మొదలుపెట్టింది. ఎడమ చేతి ఉంగరపు వేలు గోరు కింద నొప్పి అంది. నేను చూశాను. వాపు లేదు, ఎరుపు లేదు, గాయం లేదు. గోరు మీద ఒకచోట లేత నీలం మచ్చలాంటిది ఉందని తను అనేది గానీ, నా కళ్ళకి ఆనలేదు. ఆనాలని నేను చూడలేదేమో కూడా.

"చన్నీళ్ళు తగిలితే ప్రాణం పోతోందక్కా."

"వేడి నీళ్ళు లేవా ఇంట్లో?"

"వేడివైనా గిన్నె అంచు తగిలితే చాలు, ఇక్కణ్ణించి భుజం దాకా లాగేస్తోంది."

"ఆఫీసులో టైపు మిషను అంచు తగలదా?"

జవాబు చెప్పలేకపోయింది కాబట్టి అబద్ధమే అని నేను తేల్చేశాను. పగలంతా టకటకా టైపు కొట్టి, సాయంత్రం ఇంటికొచ్చేసరికి చెంచా కూడా ఎత్తలేని వేలు ఏ దేశంలో ఉంటుంది? నేను ఉద్యోగం లేనిదాన్ని, ఇంగ్లీషు రానిదాన్ని, కాబట్టి నా నెత్తిన రుద్దుతోందనుకున్నాను. ఆ కుళ్ళు నాలో ఉంది. ఇప్పుడు దాచుకుని ఏం లాభం.

మా రేణు చిన్నప్పటి ఊలు గ్లవ్వు ఒకటి పాతబట్టల్లో ఉంటే, దేవకుమారి దాని వేలు ఒక్కటి కత్తిరించుకుని ఉంగరపు వేలికి తొడుక్కుని తిరిగేది. ఇంట్లోనూ, గుళ్ళోనూ. ఎవరైనా అడిగితే, "నా దగ్గర పదిమంది పనివాళ్ళండీ, వీడొక్కడు సిక్ లీవులో ఉన్నాడు" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

జయరాజు ముగ్గురు డాక్టర్లకి చూపించాడు. ఎక్సురే తీశారు, ఏమీ లేదన్నారు. ఒకాయన కీళ్ళ నొప్పి అన్నాడు. ఒకాయన మెడలో నరం అన్నాడు. మూడో ఆయన జయరాజుని పక్కకి పిలిచి, కొత్త దేశం, పిల్లలు కలగలేదు, ఇలాంటి ఆడవాళ్ళకి మనసులో బాధ ఒంట్లో నొప్పిగా కనబడుతుంది అని నిద్రమాత్రలు రాసిచ్చాడు. జయరాజు ఆ మాట మా ఆయనతో చెప్పాడు, మా ఆయన నాతో చెప్పారు. నాకు ఎంత సంతోషమైందో! డాక్టరే చెప్పాడు కదా, వేలికేం లేదని.

ఆ తరవాత నేను చేసిన పని రాయడానికి రెండుసార్లు కలం పక్కన పెట్టాను.

ఎనభై డిసెంబరు. ఆదివారం భోజనాలయ్యాక సింకు నిండా గిన్నెలు కావాలనే వదిలేశాను. అలా వదలడం అప్పటికి నాకు అలవాటైపోయింది. ఎన్ని తోమింది, ఎన్ని వదిలేసింది అని లెక్కపెట్టేదాన్ని. ఆ రోజు దేవకుమారి గిన్నెలకేసి చూసి, కుడిచేత్తో రెండు గ్లాసులు కడిగి, వెళ్ళిపోబోయింది. నాకు కోపం ఆగలేదు. ఎడమ చెయ్యి పట్టుకుని ఆ ఊలు తొడుగు లాగేసి, చన్నీళ్ళ పంపు పూర్తిగా తిప్పి, వేలు దాని కింద పెట్టాను.

"ఏం కాదు, చూద్దాం రా" అన్నాను.

అది కేక కాదు. నేను విన్న ఏ కేకలాగానూ లేదు. మోకాళ్ళ మీద పడిపోయింది. కింది అపార్టుమెంటువాళ్ళు సీలింగు మీద కర్రతో కొట్టారు. మా ఆయన పరిగెత్తుకొచ్చారు. నేను పంపు కట్టేసి, "నాటకం" అన్నాను. ఆ ఒక్క మాటే.

ఆమె ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. మూణ్ణెల్లకి వాళ్ళు పక్క అపార్టుమెంటుకి మారారు. ఉద్యోగానికి దగ్గరని జయరాజు అన్నాడు. గోడకి అవతల గది ఉద్యోగానికి ఎంత దగ్గరో!

మా సంఘం అప్పట్లో పన్నెండు కుటుంబాలు. అమెరికా వాళ్ళ చర్చి బేస్మెంటు ఆదివారం మధ్యాహ్నాలు మాకు ఇచ్చేవాళ్ళు. పెద్ద హాలు, పక్కనే వంటిల్లు. ఆరాధన, భోజనం, ఆ తరవాత సాక్ష్యాలు, అంటే దేవుడు తమకి చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి చెప్పడం. సాక్ష్యాల వేళకి నేను లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోముకునేదాన్ని. "విమలకుమారి ఎంత పరిచర్య చేస్తుందో" అనేవాళ్ళు. నిజానికి నాకు అందరి ముందూ లేచి మాట్లాడాలంటే భయం. సింకు దగ్గర నన్నెవరూ ఏమీ అడగరు.

కానీ ప్రార్థన అవసరతలు చెప్పుకునేటప్పుడు ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుంటారు, అక్కణ్ణించి తప్పుకోలేం. ఎనభై ఒకటిలో, దేవకుమారి రాని ఒక ఆదివారం, సంఘ పెద్దగారి భార్య వసుమతి గారు నన్నడిగారు.

"ఏం విమలా, మీ ఇంట్లో ఏదైనా అవసరత ఉందా? ఎప్పుడూ మాట్లాడవు."

నేను నోరు విప్పాను. విప్పక విప్పక విప్పి ఏమన్నానంటే, "మా దేవకుమారికి సోమరితనం పోవాలని ప్రార్థన చెయ్యండి. వేలి నొప్పి అంటుంది, డాక్టర్లు ఏమీ లేదన్నారు" అన్నాను.

ఇంట్లో తోటికోడలి మీద చాడీ చెబితే అది చాడీ అవుతుంది. మా గుంపులో తల వంచుకుని చెబితే ప్రార్థన అవుతుంది. ఈ తేడా నాకప్పుడు తెలుసు. తెలిసే చెప్పాను. వసుమతి గారు తన పుస్తకంలో రాసుకున్నారు. రెండేళ్ళపాటు వారం వారం ఆ పేరు చదివి ప్రార్థన చేశారు. దేవకుమారి గుంపులో ఉన్న రోజున "మన మధ్య ఉన్న ఒక సోదరి కోసం" అనేవాళ్ళు. అది ఎవరో ఆమెకి ఒక్కదానికే తెలియదనుకున్నాం.

ఎనభై మూడు ఫిబ్రవరిలో ఆఫీసులో దేవకుమారి పై ఆఫీసరు ఒకావిడ ఆమె టైపు కొట్టడం వెనకనుంచి చూసిందట. ఐదేళ్ళుగా ఆమె తొమ్మిది వేళ్ళతోనే కొడుతోంది. ఉంగరపు వేలు మిషనుకి తగలకుండా పైకెత్తి పట్టుకుని, దాని అక్షరాలు కూడా పక్క వేలితో కొట్టేది. తొమ్మిది వేళ్ళతోనూ ఆ ఆఫీసులో అందరికన్నా వేగం. "ఎందుకలా?" అని అడిగితే చెప్పిందట. ఆ అమెరికావిడ నమ్మి, ఫిలడెల్ఫియాలో చేతులకే ఆపరేషన్లు చేసే ఒక ముసలి డాక్టరు నంబరు ఇచ్చింది.

నేను ఐదేళ్ళు ఒకే ఇంట్లో, పక్క ఇంట్లో ఉండి అడగని మాట అది.

జయరాజు "ఇంకో డాక్టరా?" అని విసుక్కున్నాడు. మా ఆయన కారులో తీసుకెళ్తానన్నారు. ఆడతోడు ఉండాలని నేనూ బయల్దేరాను. తోడు కోసం వెళ్ళానని అందరూ అనుకున్నారు. ఏమీ లేదని ఆ పెద్ద డాక్టరు నోటితో చెబితే నా చెవులతో వినాలని వెళ్ళాను.

మా ఆయన కారు పెట్టడానికి పోయారు. గదిలో మేమిద్దరమే. డాక్టరు పొట్టిగా ఉన్నాడు, చేతులు మాత్రం పెద్దవి. ఎక్సురేలు అడగలేదు. దేవకుమారి చెయ్యి తన అరచేతిలో పెట్టుకుని చాలాసేపు ఊరికే చూశాడు. ఆయన ఇంగ్లీషు నెమ్మది, కాబట్టి నాకు అందింది.

"చలి పడదు కదూ?"

దేవకుమారి ఉలిక్కిపడింది. "నేనింకా చెప్పలేదు" అంది.

"ఎక్కడ నొప్పో ఒక్క చుక్క చూపించు."

ఆయన బల్ల మీది కాయితాల క్లిప్పు తీసి నిటారుగా వంచాడు. దాని కొసతో గోరు మీద నొక్కుకుంటూ వచ్చాడు. ఇక్కడా? లేదు. ఇక్కడా? లేదు. ఒక వెంట్రుకవాసి పక్కకి జరిపాడు. దేవకుమారి కుర్చీలోంచి లేచిపోయింది. ఆయన క్షమించమన్నాడు. తరవాత ఆ చెయ్యి పైకెత్తి పట్టుకోమని, రక్తం కిందికి దిగేలా గట్టిగా నిమిరి, జబ్బకి బీపీ చూసే పట్టీ కట్టి గాలి కొట్టాడు. చెయ్యి పాలిపోయింది. మళ్ళీ అదే చుక్క మీద క్లిప్పు నొక్కాడు.

"ఇప్పుడు?"

"లేదు," అంది దేవకుమారి. ఆశ్చర్యంగా వేలికేసి చూసుకుంది. "నొప్పి లేదు."

గాలి వదిలాడు. రక్తం తిరిగొచ్చేసరికి నొప్పీ వచ్చింది. చివరికి చిన్న మంచుముక్క గోరుకి తాకించాడు.

అదే కేక. మా వంటింట్లో విన్న కేక. అచ్చం అదే. ఇక్కడ నాటకం ఎవరికోసం ఆడుతుంది?

డాక్టరు కాయితం మీద గోరు బొమ్మ వేసి చూపించాడు. వేళ్ళ చివర చలికీ వేడికీ రక్తం సర్దే చిన్న చిన్న ముడులుంటాయట. అందులో ఒకటి పెరిగి గడ్డ కట్టింది. క్యాన్సరు కాదు. మెంతిగింజంత. అరుదు, ఎక్సురేలో ఎప్పుడోగాని కనబడదు. తనదగ్గరికి వచ్చేవాళ్ళంతా ఏళ్ళ తరబడి పిచ్చివాళ్ళనిపించుకుని వచ్చేవాళ్ళే అన్నాడు.

"ఎన్నేళ్ళయింది?"

"ఐదు."

"ఐదేళ్ళూ నిన్ను నమ్మినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

దేవకుమారి నాకేసి చూడలేదు. "మా ఇంట్లో అందరూ నమ్మారు" అంది. "ఈవిడ మా అక్క."

అంత ఇంగ్లీషు నాకు వచ్చు. రాకపోతే బాగుండేదనుకున్న రోజు అదొక్కటే.

రెండు వారాలకి ఆపరేషను. వేలికి మాత్రమే మత్తు ఇచ్చారు. గోరు లేపి, కింద కండ కోసి, గడ్డ తీసి, కండ కుట్టేసి, ఆ గోరునే మళ్ళీ మూతలా పెట్టేశారు. చిన్న సీసాలో వేసి మాకు చూపించారు. గులాబీ రంగులో కొద్దిగా నీలం కలిసిన పూస. దానికేసి చూస్తూ దేవకుమారి, "వీడా అక్కా! వీడు సిక్ లీవులో లేడు, నన్నే లీవు పెట్టించాడు" అంది. నేను నవ్వలేకపోయాను.

నెల తరవాత కట్టు విప్పాక సంఘానికి వెళ్ళాం. ఆ మధ్యలో అడిగినవాళ్ళకి నేనే చెప్పాను, వేలికి తలుపు దెబ్బ తగిలిందని. నొప్పి నిజమని చెబితే, లేదన్నది ఎవరని అడుగుతారు కదా. దేవకుమారి పక్కనే నిలబడి విని, కాదనలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె తిన్నగా బేస్మెంటు వంటింట్లోకి వచ్చి, చేతులు పైకి మడిచి, చన్నీళ్ళ పంపు తిప్పింది. కాసేపు ఊరికే నీళ్ళలో చెయ్యి పెట్టి నిలబడింది. తరవాత పెద్ద గిన్నె లాక్కుని తోమడం మొదలుపెట్టింది. వసుమతి గారు తలుపు దగ్గర చూసి, వెనక్కి తిరిగి హాలంతా వినబడేలా, "దేవునికి స్తోత్రం! రెండేళ్ళ ప్రార్థన ఫలించిందమ్మా!" అన్నారు.

దేవకుమారి చేతులు ఆగాయి. నాకేసి చూసింది. అప్పుడు తెలిసింది, ఆ "ఒక సోదరి" ఎవరో ఆమెకి మొదటినుంచీ తెలుసని.

"దేవీ..." అన్నాను.

"పీచు ఇటివ్వండక్కా" అంది.

తరవాత ఐదేళ్ళలో ఒక్కసారి ప్రయత్నించాను. పొద్దున టీ దగ్గర, "నేను ఆ రోజు పంపు కింద నీ చెయ్యి..." అని ఎత్తుకున్నాను. "వదిలెయ్యండి, గోరు కూడా మళ్ళీ మొలిచింది" అని చన్నీళ్ళలో చెయ్యి పెట్టి చూపించింది. నేను వదిలేశాను. అంత సులువుగా వదిలెయ్యమంటే ఎవరు వదలరు?

సమాధి రోజు జీవిత చరిత్రలో చదివిన వాక్యం ఇదీ: "సంఘ ప్రార్థన ద్వారా సోమరితనం నుండి విడుదల పొంది, అప్పటినుండి వంటింటి పరిచర్యలో నమ్మకంగా ఉన్నది." వసుమతి గారు మంచి మనసుతోనే రాశారు. ఆవిడకి తెలిసింది అదే. జయరాజు తల దించుకుని విన్నాడు. నేను వంటింట్లో టీ కప్పులు కడుగుతూ తలుపు సందులోంచి విన్నాను. కడగడం ఆపలేదు.

నలభయ్యో రోజు కూడిక నవంబరు ఆఖరి ఆదివారం పెట్టారు. జీవిత చరిత్రని చిన్న పుస్తకంగా అచ్చువేసి అందరికీ పంచుదామన్నారు. అచ్చయితే బాపట్లలో వాళ్ళ నాన్నకి కూడా ఒకటి వెళ్తుంది. ఆ రోజు భోజనాలయ్యాక సాక్ష్యాలు మొదలయ్యాయి. నేను అలవాటుగా వంటింట్లోకి వచ్చాను. అన్నం వండిన పెద్ద అండా అడుగంటింది. సింకులో పెట్టి నీళ్ళు వదిలాను. వసుమతి గారు చేత్తో రాసిన కాయితం పట్టుకుని లోపలికి వచ్చారు.

"విమలా, తేదీలు సరిగ్గా ఉన్నాయేమో చూడమ్మా. రేపు అచ్చుకిస్తారు. తప్పులుంటే ఇప్పుడే దిద్దాలి."

కాయితం తీసుకున్నాను. నా తడి చేతికి ఒక మూల సిరా చెదిరింది. ఆ వాక్యం కింద వేలు పెట్టాను.

"తేదీలు సరిగ్గానే ఉన్నాయండీ. ఇది తప్పు."

"ఏది?"

"ఇది నేను చెప్పిందండీ. అబద్ధం. అందరి ముందూ చెప్పాను, అందరి ముందే తీసుకోవాలి."

ఆవిడకి అర్థం కాలేదు. నా మొహంకేసి చూసి, ఇంకేమీ అడగకుండా పక్కకి తప్పుకున్నారు. హాల్లో ఎవరిదో సాక్ష్యం అయిపోయింది. పాస్టరు గారు "ఇంకెవరైనా?" అంటున్నారు. ఎప్పుడూ ఈ మాట వినబడితే నేను పంపు ఇంకాస్త తిప్పేదాన్ని.

పంపు కట్టేశాను. మా రేణు చేతిలో తువ్వాలుతో తలుపు దగ్గర నిలబడి ఉంది.

"మామ్, డిషెస్ అవలేదు కదా? నేను చెయ్యనా?"

"వద్దమ్మా. ఎవరూ ముట్టుకోకండి" అన్నాను.

అడుగంటిన అండాని అలాగే సింకులో వదిలేసి, కాయితం పట్టుకుని హాల్లోకి వెళ్ళాను.